పెట్రోలు పంపులు తొమ్మిది రోజులు ఎందుకు ఆపానంటే

అందరికీ నమస్కారమండి. మన బంకులో పెట్రోలు వైపు పంపులు తొమ్మిది రోజులు మూసి ఉంచి, నిన్న పొద్దున్న మళ్లీ తెరిచాం. డీజిల్ ఒక్క పూట కూడా ఆగలేదు. దాని ట్యాంకు వేరు, దానికేమీ కాలేదు. ఈ తొమ్మిది రోజుల్లో ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చాలా రాశారు. ఎక్కువమంది వాడిన మాట "కల్తీ". మా నాన్నగారు 1987లో బంకు పెట్టిన దగ్గర్నుంచి ఆ మాట మా గుమ్మం తొక్కలేదు. అందుకే గేటుకి ఒక కాగితం అంటించి ఊరుకోకుండా, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తప్పు ఎంతవరకు నాదో నేనే చెబుతాను.

ఆ వారం మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. మన బంకు ముందు రోడ్డు సంగతి మీకు తెలుసు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే పొర మీద పొర వేసుకుంటూ పోయారు. నాన్నగారి రోజుల్లో రోడ్డుకి జానెడు ఎత్తున ఉన్న బంకు ఇప్పుడు జానెడు పల్లంలో ఉంది. ట్యాంకర్ నుంచి పెట్రోలు దింపే గొట్టం మూత నేలలో ఒక చిన్న గుంటలో ఉంటుంది, దాని మీద ఇనప పలక. ఆ గుంట వాననీటితో నిండిపోయింది. మూత కింద రబ్బరు వాషర్ మెత్తబడి, ఒక పక్క చిరిగి ఉంది. రాత్రంతా నీళ్లు ట్యాంకులోకి దిగాయి. తర్వాత లెక్క వేస్తే 60 లీటర్ల పైచిలుకు తేలింది.

పొద్దున్న 6 గంటలకి రోజూలాగే నేనే ట్యాంకులో స్టాకు కొలిచే డిప్ రాడ్ దించాను. రాడ్ చివర పూసే పేస్ట్ నీళ్లు తగిలితే రంగు మారాలి. మారలేదు. నాజిల్ నుంచి జార్‌లోకి పట్టి సాంద్రత చూశాను. చలానాలో ఉన్న అంకెకీ దానికీ 3 లోపే తేడా, అంటే నిబంధన ప్రకారం సరిగ్గానే ఉంది. రిజిస్టర్‌లో రాసి అమ్మకం మొదలుపెట్టాం. స్టాకు మాత్రం ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువ చూపించింది. తగ్గి ఉంటే నాలుగుసార్లు కొలిచేవాణ్ణి. పెరిగింది కదా, రాడ్ వంకరగా దిగి ఉంటుందిలే అని వదిలేశాను. ఆ పెరిగినవి నీళ్లేనండి.

7:35కి పాలు పోసే అబ్బాయి బండి నెట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. అర కిలోమీటరు కూడా పోలేదట, రెండుసార్లు దగ్గినట్టై ఆగిపోయిందట. వాన కదా, ప్లగ్గు తడిసిందేమో అన్నాను. పది నిమిషాలకి ఒక స్కూటర్ వచ్చింది, స్కూల్లో పనిచేసే మేడమ్‌ది. అప్పుడు నా గుండె ఝల్లుమంది. మళ్లీ రాడ్ దించాను. పేస్ట్ మారలేదు. తుడిచి, కొత్తగా పూసి, ఇంకోసారి దించాను. అప్పటికీ మారలేదు.

ఆ తర్వాతి నలభై నిమిషాల గురించే ఈ తొమ్మిది రోజులూ నాకు నిద్ర లేదు. చేతిలో ఉన్న పరీక్ష నీళ్లు లేవంటోంది. ఎదురుగా ఆగిపోయిన రెండు బండ్లున్నాయి. ఏది నమ్మాలి? పంపు ఆపితే, వరసలో ఉన్న ఇరవై మందికీ మన పెట్రోలు బాలేదని నేనే చెప్పినట్టు. దసరా వారం, ఊళ్లోకి అల్లుళ్లూ కూతుళ్లూ వచ్చే రోజులు. ఒక్కసారి ఆ పేరు వస్తే పోతుందా? నాన్నగారికి ఫోన్ చేద్దామనుకుని, ఆయనకి బీపీ గుర్తొచ్చి మానేశాను. ఇంకో బండి వస్తే అప్పుడు ఆపుదాం అనుకున్నాను. ఇది మీ ముందు ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది. ఆ "ఇంకో బండి" ఎవరో ఒకరిది అవుతుందని ఆ నిమిషంలో నాకు తట్టలేదు.

8:15కి మూడోది, ఒక ఆటో. అందులో హైస్కూలుకి వెళ్లే పిల్లలున్నారు. వాళ్లు వానలో దిగి నిలబడ్డారు. అప్పుడు గాజు జార్ తీసుకుని నాజిల్ నుంచి నింపి బల్ల మీద పెట్టాను. రెండు నిమిషాల్లో అడుగున వేరే పొర కనబడింది. మధ్యలో గీత గీసినట్టుంది. 8:25కి పెట్రోలు పంపులన్నీ ఆపించాను, తాళాలు నా జేబులో వేసుకున్నాను. పాల అబ్బాయి తిరిగొచ్చినప్పటి నుంచి ఆపేదాకా ఆ యాభై నిమిషాల్లో 19 బండ్లకి కొట్టాం. గాజు జార్ ఆఫీసు గదిలో బీరువా మీదే ఉంది. దాన్ని 7:40కే తీసి ఉంటే ఆ 19లో చాలా బండ్లు ఆగేవి కావు. ఈ తప్పు వానదీ కాదు, పేస్ట్‌దీ కాదు. నాది.

పేస్ట్ సంగతి కూడా చెప్పాలి.

నాన్నగారి రోజుల్లో పెట్రోలులో ఇథనాల్, అంటే పంటల నుంచి తీసే ఆల్కహాల్, ఉండేది కాదు. నీళ్లు దిగితే అడుగున విడిగా కూర్చునేవి. పంపు పీల్చే గొట్టం అడుగుకి కొంచెం పైన ఉంటుంది కాబట్టి అవి మీ బండి దాకా వచ్చేవి కావు. పొద్దున్నే పేస్ట్ రంగు మారేది, తోడించేసేవాళ్లం. ఇప్పుడు వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కి నీళ్లంటే మహా ప్రీతి. కొంతవరకు తనలో కలిపేసుకుంటుంది. ఆ హద్దు దాటితే ఇథనాల్ పెట్రోలుని వదిలి, నీళ్లతో కలిసి అడుగుకి దిగిపోతుంది. దిగినవి 60 లీటర్లే అయినా అడుగున చేరే పొర దానికి కొన్ని రెట్లు ఉంటుంది, పీల్చే గొట్టాన్ని అందుకుంటుంది. పైన మిగిలిన పెట్రోలు కూడా ఇథనాల్ పోయి ఆక్టేన్, అంటే ఇంజన్‌లో కొట్టుకోకుండా మండే గుణం, తగ్గిపోతుంది. ఆ అడుగు పొర మామూలు నీళ్లు కాదు కాబట్టి పాతరకం పేస్ట్‌కి సరిగ్గా చిక్కదు. దానికి వేరే పేస్ట్ ఉంది. అందుకే ఇథనాల్ పెట్రోలు ట్యాంకులో చుక్క నీరు కూడా ఉండకూడదన్నది నియమం.

ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసే, వానాకాలం మొదట్లో ఇథనాల్‌కి పనికొచ్చే పేస్ట్ కావాలని బంకు సామాన్లు ఇచ్చేవారిని అడిగి తెప్పించాను. పదకొండేళ్లుగా ఆయన దగ్గరే కొంటున్నాం. డిప్ రాడ్లు, హైడ్రోమీటర్లు, ఫిల్టర్ పేపర్లు, నాజిల్ గొట్టాలు, అన్నీ ఆయన దగ్గరే. ఏనాడూ బాకీ పెట్టలేదు. బిల్లు మీద ఆయన చేత్తోనే "ఇథనాల్ పేస్ట్" అని రాసిచ్చారు. డబ్బాలో ఉన్నవి పాతరకం పేస్ట్ ట్యూబులు. ట్యూబు మీద సన్నక్షరాలు నేను చదవలేదు. బిల్లు చదివాను, మనిషిని నమ్మాను. అదే రోజు మధ్యాహ్నం ఫోన్ చేస్తే "పేస్ట్ ఏదైనా పేస్టేనండి, ఇన్నాళ్లూ పనిచేయలేదా" అన్నారు. మూడు ట్యూబులు మార్చి ఇస్తానన్నారు. నాకు కావలసింది ట్యూబులు కాదండి. నా ఊళ్లోవాళ్లు నన్ను కల్తీదారు అంటుంటే, పొరపాటు నాది అని ఆయన ఒక్క ముక్క అనాలి. ఇప్పటిదాకా అనలేదు. ఆయన దగ్గర ఇక కొనను. పక్క జిల్లా నుంచి తెప్పించుకోవలసి వచ్చినా, ధర ఎక్కువైనా సరే.

మూత వాషర్ కథా ఇలాంటిదే. కొన్ని రకాల రబ్బరుని ఇథనాల్ ఉబ్బించి మెత్తబరుస్తుంది. 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక ఒకసారి వాషర్ మార్పించాం. మార్చిన మనిషి ఏ రబ్బరు వేశాడో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

నేను ఇంధన ప్రమాణాలు మార్చడానికి వ్యతిరేకిని కాదు. 2020 ఏప్రిల్ 1న బండ్ల పొగ తగ్గించే బీఎస్-6 ప్రమాణం వచ్చినప్పుడు పెట్రోలులో గంధకం 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) నుంచి 10కి తగ్గింది. పాత స్టాకు ఖాళీ చేసి కొత్తది దింపుకున్నాం, మీకు తెలియనే తెలియలేదు. ఇథనాల్ అలా కాదు. 2022 జూన్ నాటికి 10 శాతం, 2023 ఫిబ్రవరిలో 20 శాతం పెట్రోలు మొదలు. 2030కి పెట్టుకున్న 20 శాతం గడువుని 2025-26కి ముందుకు జరిపారు. ఐఎస్ 17021 అని దానికి విడిగా ప్రమాణం రాశారు. కాగితం మీద అంతా పక్కాగా ఉంది. కానీ ప్రమాణం మారితే దాంతోపాటు వాషర్ మారాలి, పేస్ట్ మారాలి, గుంట మూత మారాలి. సామాన్లు అమ్మే కొట్టువాడికీ, వాషర్ బిగించే కుర్రాడికీ ఆ కబురు చేరవేసేది ఎవరు? నా మట్టుకు నేను చేరవేయలేకపోయాను. మన డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు. ఇలాంటి నేలలో బంకులు నడిపేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

మైలేజీ తగ్గిందని చాలామంది అడుగుతున్నారు. తగ్గిన మాట నిజం. ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ. పాత కార్లకి 6–7 శాతం, బైకులకి 3–4 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే రాసింది. అది దేశమంతటా ఉన్నదే, దాన్ని మన బంకు ఖాతాలో వేయకండి. ఆ ఇథనాల్ చెరకు నుంచీ, మొక్కజొన్న నుంచీ, నూకల నుంచీ వస్తోంది. మన రైతు పండించేవే కాబట్టి దాన్ని నేను తిట్టలేను.

కల్తీ అన్న మాటకి నా జవాబు ఇది. పెట్రోలు, డీజిల్ అమ్మకాల మీద కేంద్రం ఇచ్చిన 2005 నాటి నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, అనుమతి లేకుండా వేరే పదార్థం కలిపి ఇంధనాన్ని ప్రమాణానికి తగ్గించడం కల్తీ. ఆ రోజు నేను ప్రమాణానికి తగ్గిన పెట్రోలు అమ్మాను, నిజం. కలిపి అమ్మాననడం అబద్ధం. మర్నాడు కంపెనీ అధికారి వచ్చి శాంపిల్ తీసుకున్నారు, ట్యాంకులో ఉన్నదంతా వెనక్కి పంపించాం. గ్రూపులో ఆ మాట రాసినవాళ్ల మీద నాకు కోపం లేదనను. ఉంది. ఒక్కరైనా బంకుకి వచ్చి నన్ను అడిగి ఉంటే రిజిస్టర్ చేతిలో పెట్టేవాణ్ణి. ఇప్పటికీ పెడతాను.

ట్యాంకు పూర్తిగా తోడించి, కడిగించి, ఆరబెట్టించాం. గుంట గోడ జానెడున్నర ఎత్తు లేపాం, మూతా వాషరూ ఇథనాల్‌కి తగినవి వేయించాం. ఈసారి ప్రతి ట్యూబూ నేనే చదివాను. వాన రోజుల్లో మూడు గంటలకోసారి రాడ్ దించుతాం. గాజు జార్ ఇక పంపు పక్కనే ఉంటుంది, ఎవరడిగినా ముందు అందులోకి పట్టి చూపించాకే బండిలో కొడతాం. సాంద్రత, చుక్క వేసి మరక మిగులుతుందేమో చూసే ఫిల్టర్ పేపర్ పరీక్ష, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న అయిదు లీటర్ల కొలత, ఇవన్నీ అడిగే హక్కు మీకు ఎప్పుడూ ఉంది. మొహమాటపడకండి.

ఆ పొద్దున్న 6 నుంచి 8:25 లోపు మన దగ్గర పెట్రోలు కొట్టించుకుని బండి ఇబ్బంది పెట్టినవాళ్లకి ట్యాంకు కడిగించిన ఖర్చు, మెకానిక్ బిల్లు, పోసిన పెట్రోలు డబ్బు మొత్తం నేనిస్తాను. బిల్లు పోయినా పర్వాలేదు, కెమెరాలో ఉంది. తర్వాతి రోజు కొట్టించుకున్నామని వచ్చిన ఇద్దరికి మాత్రం ఇవ్వలేదు, ఇవ్వను కూడా. ఆ రోజు పెట్రోలు తాళాలు నా జేబులోనే ఉన్నాయి.

ఆ 19 బండ్లలో 16 మందిని కెమెరా చూసి, ఫోన్‌పేలో పేర్లు చూసి పట్టుకున్నాం, లెక్క తీర్చాం. పాల అబ్బాయికి రెండు రోజుల పాల నష్టం కూడా ఇచ్చాను, వద్దన్నా వినలేదు. ఇంకా ముగ్గురు దొరకాలి. ఒకరు నల్ల రెయిన్‌కోటు వేసుకుని పాత స్కూటర్ మీద వచ్చి 100 రూపాయల నోటు ఇచ్చిన పెద్దాయన. ఒకరు వెనకాల వరి మందు స్ప్రేయర్ కట్టుకున్న బైకు అబ్బాయి. మూడోది తెల్ల కారు, పొరుగూరి నుంచి పెళ్లికి వచ్చినవాళ్లలా ఉన్నారు. వీళ్లు ఎవరో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, లేదా వాళ్లనే రమ్మనండి. రోజూ పొద్దున్న 6 నుంచి రాత్రి 9 దాకా నేను బంకులోనే ఉంటాను.