పాత ఎక్స్‌రే కూడా తెమ్మన్న రేడియాలజిస్టు గారికి

రిపోర్టులో "మచ్చ ఉంది" అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, టీబీ మందులు ముగిసిన నాటి ఎక్స్‌రేను కొత్తదాని పక్కన పెట్టి చూసినందుకు కృతజ్ఞతలు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. మందులు క్రిముల్ని చంపుతాయి గానీ, అప్పటికే పాడైన ఊపిరితిత్తిని కొత్తగా మొలిపించవు. పైభాగంలో నారలాంటి గీతలు, సున్నం పేరుకున్న చుక్కలు, మచ్చవైపు ఒరిగిన శ్వాసనాళం, సాగి వెడల్పైన గాలిగొట్టాలు జీవితాంతం ఉండిపోవచ్చు. ఒక్క ఫిల్మ్ చూసి, జబ్బు తిరగబెట్టిందని మళ్లీ ఆరు నెలల మందులు రాసేయడం ఎంత తేలికో!

మార్పు లేని మచ్చ సాధారణంగా పాతదే. కొత్త నీడ కనిపించినా, జ్వరం, దగ్గు, బరువు తగ్గడం ఉన్నా కళ్లె పరీక్షతో పాటు కల్చర్ (బతికున్న క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) కూడా చేయించమని రాశారు. కళ్లెలో టీబీ క్రిమి డీఎన్‌ఏను వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష చచ్చిన క్రిముల డీఎన్‌ఏనూ పట్టేస్తుంది. అందుకే ఈమధ్యే చికిత్స ముగిసినవారిలో అదొక్కటే చాలదు. ఈ సంగతి చాలామంది చెప్పరు.

ఊపిరితిత్తిలో మిగిలిపోయిన గుల్లలో ఆస్పర్‌జిల్లస్ బూజు ఉండకట్టవచ్చన్న హెచ్చరికకు మరీ రుణపడ్డాం. కళ్లెలో నెత్తురు పడితే అన్నిసార్లూ టీబీయే కాదు, సీటీ తీయించాలి. ఇక ఆయాసం ఎంతో ఫిల్మ్ చెప్పదు, గాలి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే స్పైరోమెట్రీ చెప్పాలి.

పాత ఫిల్ములు, సీడీలు తేదీలతో ఒకే కవరులో దాచాం.