యాక్సిల్ ఆర్డర్ పెట్టే ముందు ఒక్కసారి చూద్దాం

అన్నలూ, తమ్ముళ్లూ, ములుగు రోడ్డు షెడ్డులో ఉన్న మన పాత ఫోర్డ్ ఎస్కార్ట్ రేసు కారుకు వెనక యాక్సిల్ ఇప్పుడే ఆర్డర్ పెట్టకండి. ఉన్నదేదో ముందు తెలియాలి. మధ్య గుండ్రటి భాగానికి వెనక బోల్టులతో మూత ఉంటే అది అట్లాస్ రకం యాక్సిల్. అక్కడ నున్నగా ఉండి, డిఫరెన్షియల్ (ఇంజన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్లు) ముందు నుంచి ఊడేలా ఉంటే ఇంగ్లిష్ యాక్సిల్ అనే రకం. మనం పెట్టబోయే ఇంజన్‌కు ఈ ఇంగ్లిష్ యాక్సిల్ సరిపోదని నా గట్టి అభిప్రాయం.

రేషియో (చక్రాలు ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే గేర్‌బాక్స్ నుంచి యాక్సిల్‌కు వచ్చే రాడ్డు, ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క) తెలుసుకోవడానికి వెనక చక్రాలు రెండూ లేపి స్టాండ్లపై నిలపండి (ఉత్త జాకీని నమ్మి కిందికి దూరకండి). గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ వదిలెయ్యాలి. ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకుని రెండోదాన్ని 2 చుట్లు తిప్పితే, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. లిమిటెడ్ స్లిప్ (రెండు చక్రాలూ వేర్వేరుగా తిరగకుండా అడ్డుకునే డిఫరెన్షియల్) ఉంటే రెండు చక్రాలనూ కలిపి 1 చుట్టు తిప్పాలి.

ఆదివారం పొద్దున చుట్లు లెక్కపెట్టే గుర్తులకు చాక్‌పీసు నేను తెస్తాను, చక్రాలు పట్టడానికి ఇద్దరు రండి.