వార్షిక నివేదిక 2025: రేషన్ కార్డులో మీ ఇంటివాళ్ల పేర్లన్నీ ఉన్నాయా?

మన కాలనీ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మురుగు కాలువ మరమ్మతు, వీధి దీపాలు, బతుకమ్మ ఏర్పాట్లు మీ కళ్లముందే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు పేద కుటుంబాలకు ఆసుపత్రి ఖర్చు భరించే ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీకే ఇస్తున్నాను, ఎందుకంటే కార్యవర్గం ఎక్కువగా తిరిగింది ఆ పని మీదే.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రంలోని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. తెలంగాణలో 5 లక్షలుగా ఉన్న చికిత్స ఖర్చు పరిమితి 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలైంది. మనం ఇప్పటికీ తెల్లకార్డు అని పిలుచుకునే ఆహార భద్రత కార్డే, అంటే రేషన్ కార్డే, దీనికి ఆధారం. ఆ కార్డు రావాలంటే కుటుంబ వార్షికాదాయం పట్టణాల్లో 2 లక్షలు, గ్రామాల్లో లక్షన్నర దాటకూడదు. జబ్బు పాతదని తిప్పి పంపరు. ఇంట్లో ఎంతమంది ఉన్నా అందరికీ వర్తిస్తుంది. అయితే మామూలు జ్వరానికి కొనుక్కునే మందుల ఖర్చు ఇందులోకి రాదు. జాబితాలో ఉన్న ఆపరేషన్లు, చికిత్సలకే.

ఇదంతా మనలో చాలామందికి తెలుసు. ఈ ఏడాది మా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి ఆదాయం అడ్డు రాలేదు. కార్డు ఉంది, అందులో మనిషి పేరు లేదు. అదే అడ్డు.

మన కాలనీలో ఆటో నడిపే సభ్యుడి భార్యకు గుండె వాల్వు మార్చాలన్నారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర (ఆరోగ్యశ్రీ రోగులకు సాయపడే ఉద్యోగి) కూర్చునే కౌంటర్ దగ్గర ఆయన ప్లాస్టిక్ కవరులోంచి కార్డు తీసి ఇచ్చారు. అందులో మూడే పేర్లు: అమ్మ, నాన్న, ఆయన. పెళ్లయి మూడేళ్లయినా కోడలి పేరు ఎక్కించలేదు. ఆ కాగితాన్ని ఆయన రెండుసార్లు తిప్పి చూసుకోవడం పక్కనే ఉన్న నేను చూశాను. ముందు పుట్టింటి కార్డులోంచి పేరు తీయించి ఇక్కడ ఎక్కించుకోండని ఎవరో సలహా ఇచ్చారు. మేం వద్దన్నాం. అక్కడ తీసేసి ఇక్కడ చేరేలోగా ఆమె ఏ కార్డులోనూ ఉండదు. నల్లగొండ జిల్లాలోని తండ్రి కార్డులో ఆమె పేరు పదిలంగా ఉంది. పుట్టింటిదైతేనేం, ఆ కార్డు రాష్ట్రమంతటా చెల్లుతుంది. మర్నాడు తండ్రి ఆ కార్డు పట్టుకుని మొదటి బస్సుకే వచ్చారు. ఆపరేషన్‌కు అనుమతి వచ్చింది. ఆమె కోలుకుని ఇంటికి చేరాకే మీసేవలో పేరు మార్పుకు దరఖాస్తు చేయించాం. వాళ్ల ఏడాదిన్నర బాబు పేరు ఏ కార్డులోనూ లేదని అప్పుడు బయటపడింది.

అందుకే పెళ్లయిన ఆడపిల్లల తల్లిదండ్రులకు నా విన్నపం: వైద్యం నడుస్తుండగా పేరు తీయించకండి. అత్తవారింటి వాళ్లకూ ఒక మాట: కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే ఎక్కించండి. బిడ్డకు జనన ధ్రువపత్రం, ఆధార్ సిద్ధంగా ఉంచుకోండి. మీసేవ రసీదు పారేయకండి.

రేషన్ దుకాణంలో ఈ-కేవైసీ (వేలిముద్రతో గుర్తింపు సరిచూడటం) విషయంలో మన పెద్దవాళ్లు పడిన కష్టం నన్ను బాధపెట్టింది. జీవితమంతా బట్టలుతికిన, ఇటుకలు మోసిన చేతులకు వేలిముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తించలేదు. అలాంటివారిని ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి వివరాలు కొత్తగా నమోదు చేయించాం.

డెబ్బై ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా కేంద్రం 2024 అక్టోబరులో తన ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్ భారత్‌ను విస్తరించింది. వయసుకు ఆధార్‌లో ఉన్న పుట్టిన తేదీనే చూస్తారు. మన పెద్దల్లో చాలామందికి ఉజ్జాయింపుగా జనవరి 1 వేసి ఉంది, ఒకసారి సరిచూసుకోండి. ఏ ఆసుపత్రిలో ఆయుష్మాన్ కార్డు చెల్లుతుందో చేరే ముందే కనుక్కోండి.

బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపిన రోజుల్లో డయాలసిస్ కుటుంబాలు వణికిపోయాయి. అలాంటప్పుడు ఉస్మానియా, గాంధీ, నిమ్స్ వంటి ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయని మరవకండి. ఏ సందేహమున్నా 104కు ఫోను చేయండి. ఆరోగ్యశ్రీ కింద చేరాక ఎవరైనా డబ్బు అడిగితే, కట్టే ముందే అక్కడి ఆరోగ్యమిత్రకు, మాకు చెప్పండి. కట్టేశాక వెనక్కి రాబట్టడం చాలా కష్టమని ఈ ఏడాది ఒక కుటుంబం విషయంలో చూశాం.

వచ్చే ఏడాది ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం సంఘం గదిలో కార్డులు సరిచూస్తాం. రేషన్ కార్డు, ఇంట్లో అందరి ఆధార్ కార్డులు తీసుకురండి, పసిపిల్లలవి కూడా.

— కార్యదర్శి