పడవలో గూడు పని

బావా,

ఫోన్ చేసినప్పుడల్లా పడవ ఎంతవరకు వచ్చిందని అడుగుతావు, నేను అవుతోంది అని ఊరుకుంటాను. ఈ రోజు పొద్దుటి నుంచి ఒకటే వాన, షెడ్డులో రంగు ఆరడం లేదు, అందుకని కూర్చుని అంతా రాస్తున్నాను.

పడవ ఒళ్ళు పూర్తయింది. 20 అడుగుల పొడవు, నడుమ దగ్గర 7 అడుగుల వెడల్పు. ఇప్పుడు లోపల గూడు పని, అంటే కూర్చోడానికీ పడుకోడానికీ కప్పు వేసిన గది. బయట పని కంటే ఇదే ఎక్కువ రోజులు పడుతోంది బావా, ఎందుకంటే మూలమట్టం ఆనించడానికి అందులో ఒక్క తిన్నని గోడ లేదు, అంతా వంపే. ఏ బల్ల పెట్టాలన్నా ముందు అట్టముక్క కోసి నిలబెట్టి, చిన్న చెక్కదిమ్మకి పెన్సిల్ ఆనించి పడవ గోడ వెంబడి లాక్కుంటూ పోతే ఆ వంపు అట్ట మీద పడుతుంది, దాన్ని కోసి సరిచూసుకుని అప్పుడు ప్లైవుడ్ మీదకి ఎక్కించాలి. మొదటి అడ్డగోడకి మూడు అట్టలు పోయాయి. నాలుగోది వేలు కూడా దూరకుండా కూర్చుంటే ఆ సంతోషం ఎవరికి చెప్పుకోను, నీకు తప్ప!

కూర్చునే ఎత్తు కాగితం మీద తేలలేదు. షెడ్డులోనే ఇటుకల మీద బల్ల వేసి, పైన కప్పు ఎత్తులో వెదురు బద్ద కట్టి, నేనూ మీ చెల్లీ రెండు రోజులు అక్కడే అన్నం తిన్నాం. లేచిన ప్రతిసారీ నా తల బద్దకి కొట్టుకుంది. కప్పు లేపితే గాలికి పడవ ఒరుగుతుంది కాబట్టి మంచాలే 2 అంగుళాలు దించాను.

ఇక అసలు సంగతి. మంచాల కింద అరలు అందంగా ఉండాలని నాలుగు వైపులా మూసేసి, పైన ఫోమ్ పరుపు వేశాను. నెల తర్వాత తీస్తే గుప్పుమని వాసన, పరుపు అడుగంతా నల్ల బూజు. ఇంకా నీళ్ళలో దించని పడవకే ఈ గతి! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మొత్తం ఊడదీశాను. ఇప్పుడు మంచం అంటే వేలు సందు వదిలి కొట్టిన టేకు బద్దలు, ప్రతి అరకీ పైనా కిందా గాలి కన్నాలు. చెక్కకి ఉప్పునీటి కంటే నిలవున్న వాననీరే ఎక్కువ చేటు. నీరు రాకుండా ఆపడం కుదరదు, వచ్చినది పోవడానికి దారి ఉండాలి. అందుకే అడుగు దూలాలన్నింటికీ చిన్న రంధ్రాలు పెట్టి, వాటిలోంచి సన్న గొలుసు దూర్చాను. చెత్త అడ్డుపడితే గొలుసు అటూ ఇటూ లాగితే చాలు, నీరు తోడే పంపు దగ్గరికి వచ్చేస్తుంది. చేయి పెట్టి తుడవలేని మూల ఒక్కటి కూడా ఉంచకూడదని పట్టుబట్టాను. ప్లైవుడ్ నీటికి తట్టుకునే ఐఎస్ 710 మెరైన్ రకమే అయినా, కోసిన అంచులకి ఎపాక్సీ (నీరు ఇంకనివ్వని జిగురు) మూడు పూతలు పూశాను.

గ్యాస్ సిలిండర్‌ని మాత్రం గూట్లోకి రానివ్వలేదు. ఆ గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే పడవ అడుగున చేరి కూర్చుంటుంది. వెనక బయట దానికి విడిగా పెట్టె చేసి, అడుగున బయటికి కన్నం పెట్టాను. బ్యాటరీ 100 ఆంపియర్ అవర్ లిథియం. ధర చూసి టెన్షన్ పడ్డాను కానీ సీసం బ్యాటరీ బరువులో సగం కూడా లేదు.

మా తాతయ్య గూటి పడవల గురించి చెప్పేవాడు, గుర్తుందా? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల మీద పడవలే ప్రయాణం. గట్టు మీద మనుషులు తాడుతో లాగుతుంటే జనం గూట్లో పడుకుని, తెల్లారేసరికి లాకులు దాటేవారట. నాకు కావలసింది ఆ నిద్రే. వరద తగ్గాక, కార్తీకంలో వశిష్ఠ గోదావరిలో దించుతాను. దిండి దాకా వెళ్ళి రాత్రి లంగరు వేద్దాం, తెల్లారాక అంతర్వేది వైపు.

కుడివైపు మంచం ఇంకా బిగించలేదు, అది నీది. 6 అడుగుల 3 అంగుళాలు అనుకున్నాను, కానీ నువ్వు నాకంటే పొడుగు. గోడకి ఆనుకుని నిలబడు, చెల్లెమ్మ చేత టేపు పట్టించి కొలత ఈ వారంలోనే పంపు.