మీటని గాంధారం

పిట్స్‌బర్గ్,
ఆదివారం.

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

నేను ఇక్కడ క్షేమం. మీరు, అమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వయొలిన్ జాతిలో పెద్ద వాద్యమైన చెల్లో వాయించే మా గణితం ప్రొఫెసరు గారి పదవీ విరమణ సభ మొన్న శుక్రవారం జరిగింది. మన విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పారని నేను చెప్పిన నాటి నుంచి మన ఊరి పేరు తప్పులేకుండా పలకడం సాధన చేసినది ఈయనే.

ప్రసంగాలు మన సభల్లో మాదిరిగానే సాగాయి. వక్తలందరూ ఆయన పరిశోధనా పత్రాలను లెక్కపెట్టి, సంగీతాన్ని చివర్లో ఒక ముచ్చటగా చెప్పి ముగించడం నాకు సరిగా తోచలేదు. నిరూపణలో మేము ఒక మెట్టు దాటవేస్తే, పాశ్చాత్య స్వరలిపిలో స్వరం మీద నిలవమని చెప్పే అర్ధవృత్తమూ చుక్కా ఆయన మార్జిన్‌లో ఎర్ర సిరాతో వేసేవారు. మొదటి ఏడాది నా కాగితాల నిండా ఆ గుర్తులే.

తన వంతు వచ్చినప్పుడు ఆయన ఏమీ మాట్లాడకుండా చెల్లో తీసి, వయొలిన్ వాయించే ఒక విద్యార్థినిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. పక్కపక్క తీగల మధ్య షడ్జం నుంచి పంచమం దాకా ఉండే దూరాలు చెల్లో మీద మూడు, వయొలిన్ మీద ఇంకొకటి, అన్నీ 3/2 నిష్పత్తిలో శుద్ధంగా శ్రుతి చేశాక, అన్నిటికన్నా కింది తీగనూ పై తీగనూ కలిపి మోగించారు. కింది తీగను షడ్జం అనుకుంటే పై తీగ పలికే గాంధారం ఎక్కువై చెవికి గీరుకుంది. ఆమె తీగను రవ్వంత దించగానే గాంధారం షడ్జంలో కలిసిపోయింది గాని, పక్క తీగతో పంచమం చెడింది. నాలుగు పంచమాలు పేర్చి, అంటే 3/2ను నాలుగు సార్లు గుణించి, స్థాయికి సగం చొప్పున దించితే వచ్చేది 81/64, చెవి కోరేది 5/4, అంటే 80/64. ఆయన బోర్డు మీద ఆ రెంటి మధ్య తేడాను 81/80 అని రాసి కూర్చున్నారు. అదే ఆయన ప్రసంగం.

అమ్మ పంపిన పొందూరు ఖద్దరు కండువా కప్పాను. ఆయన దానితోనే తీగల మీది రోజిన్ పొడి తుడుచుకున్నారు. ఈ మాట అమ్మకు చెప్పకండి.

ఆ తరువాత, మీరు తంబురా గుర్రం మీద, అదే తీగలు ఆనే చెక్క మీద, నూలుపోగు సర్దుతుంటే మంద్ర షడ్జం తీగలోంచి ఎవరూ మీటని గాంధారం పలుకుతుందని ఆయనకు చెప్పాను. తీగ అయిదు భాగాలుగా కూడా కంపిస్తుంది కనుక, స్థాయిలు దించి చూస్తే అది 5/4 గాంధారమే కావాలని ఆయన వెంటనే అన్నారు. అయినా చెవితో వినాలని పట్టుబట్టారు. కనుక ఒక పది నిమిషాలు శ్రుతి మాత్రం ఫోనులో రికార్డు చేసి పంపగలరు. పాట వద్దు. నూలుపోగు సర్దే చప్పుడు కూడా ఉండనివ్వండి.

మీ కుమారుడు