రిజిస్టరులో ఆ పాపకు గడి లేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల ఒక ఆదివారం మా ఊరావిడ ఒకరికి తోడుగా జువెనైల్ హోంకు వెళ్లాను. ఆమె చంకలో మనవరాలు. పాపకు 14 నెలలు. లోపల ఉన్నది పాప తండ్రి. అతనికి ఇంకా 18 నిండలేదు. ఇంతకు మించి వాళ్ల వివరాలు రాయను. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ రాయనివ్వదు, రాయనిచ్చినా నేను రాసేదాన్ని కాదు. నా పేరూ ఊరూ కూడా వేయొద్దని మనవి. అవి చూస్తే ఆ పాప ఎవరో మా వాళ్లకు ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

రెండు బస్సులు మారి, మూడు గంటలు ప్రయాణం చేసి వెళ్లాం. గేటు దగ్గర ఫోన్లు తీసుకుని పెట్టెలో వేశారు. నిబంధన కదా, ఇచ్చేశాం. పాప అప్పుడు మొదలుపెట్టింది ఏడుపు. ‘నాన్న, నాన్న’ అంటూ ఆ పెట్టె వైపు చెయ్యి చాపి ఒకటే ఏడుపు. కాపలా మనిషికి అర్థం కాలేదు, మొదట నాకూ అర్థం కాలేదు. నానమ్మే చెప్పింది. నాలుగు నెలలుగా ఇంట్లో ఫోన్లో ఫొటో చూపించి ‘ఇదిగో నాన్న’ అంటున్నారు. పాప లెక్కలో నాన్న అంటే ఆ ఫోనే. దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేస్తే ఏడవదా మరి!

తరువాత రిజిస్టరు. వచ్చినవారి పేరు, ఆధార్ నంబరు, బంధుత్వం. నానమ్మ దగ్గర ‘తల్లి’ అని రాశారు. పాప దగ్గరకు వచ్చేసరికి పెన్ను ఆగింది. ‘కూతురు’ అని రాయడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. అక్కడ ఉండేవాళ్లు పిల్లలు, పిల్లలకు కూతుళ్లు ఉంటారని ఆ పుస్తకం గీతలు గీసినవాళ్లు అనుకోలేదు. చివరికి ‘వెంట వచ్చిన పాప’ అని రాసుకున్నారు. ఆ మనిషిని తప్పుపట్టను. మాకు మంచినీళ్లు ఇచ్చాడు, కూర్చోమని బల్ల చూపించాడు, తరువాత ఐదు నిమిషాలు ఎక్కువే ఇచ్చాడు. ఏం రాయాలో పైవాళ్లు ఆయనకు చెప్పలేదు, అంతే.

ఇచ్చిన సమయం 15 నిమిషాలు. మధ్యలో ఇనుప జాలీ. జుట్టు పొట్టిగా కత్తిరించిన ఒక సన్నటి కుర్రాడు అవతల వచ్చి నిలబడ్డాడు. పాప నానమ్మ మెడలో మొహం దాచేసుకుంది. అతను పిలిచేకొద్దీ గట్టిగా ఏడ్చింది. పది నిమిషాలు దానికే పోయాయి. ఆ తరువాత మెల్లగా తిరిగి చూసింది, చూపుడువేలు జాలీ కన్నంలో పెట్టింది. అవతల నుంచి అతను తన వేలు ఆనించాడు. పాప నవ్వింది. సరిగ్గా అప్పుడే టైం అయిపోయిందన్నారు. అదనంగా ఇచ్చిన ఐదు నిమిషాలు ఆ నవ్వు చూసి ఇచ్చినవే.

నేను అంగన్‌వాడీలో 26 ఏళ్లు పనిచేసి దిగిపోయినదాన్ని. ఏడాది దాటిన పిల్లలకు కొత్త మనిషి అలవాటు కావాలంటే ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. కొత్తగా సెంటర్‌కు వచ్చిన పిల్ల మొదటి అరగంట ఎవరి దగ్గరకూ పోదు. పెద్దల ములాఖత్ కోసం పెట్టుకున్న పావుగంట ఈ వయసు పిల్లలకు అసలు చాలదు. పలకరింపు అయ్యేలోపే వీడ్కోలు చెప్పాలి.

కేసు సంగతి కొంచెం చెప్పాలి. అబ్బాయీ అమ్మాయీ ఒకే ఊరివాళ్లు, గుడిలో దండలు మార్చుకున్నారు. ఆ పెళ్లి ఆపలేకపోయినవాళ్లలో నేనూ ఒకదాన్ని, నాకు తెలిసేసరికే మూడో నెల. పాప పుట్టాక రెండిళ్ల మధ్య మాటామాటా పెరిగి అమ్మాయి తరఫువాళ్లు స్టేషన్‌కు వెళ్లారు. పిల్లల మీద జరిగే లైంగిక నేరాలకు వర్తించే పోక్సో చట్టం కింద కేసు పెట్టారు. 2012లో వచ్చిన ఆ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు అమ్మాయి ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు, గర్భం వస్తే నేరం ఇంకా తీవ్రమైనదవుతుంది. అది తప్పా ఒప్పా అని ఈ ఉత్తరంలో వాదించను. చిన్నపిల్లలకు పెళ్లిళ్లు వద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పిన నోరు ఇది. అబ్బాయి సంగతి జువెనైల్ జస్టిస్ బోర్డు తేలుస్తుంది. అమ్మాయి కాగితాల మీద బాధితురాలు కాబట్టి అటువైపు వెళ్లొద్దని లాయరు చెప్పాడు. అందుకని పాపను తీసుకెళ్లే బాధ్యత నానమ్మ మీద పడింది. అక్కడిదాకా రావడానికి పాపను పంపింది మాత్రం ఆ అమ్మాయే. కొత్త గౌను తొడిగి, కాటుక పెట్టి పంపింది.

ఇదేదో ఎక్కడో ఒక్కచోట జరిగే వింత అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకుండా పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో సర్వే నాటికే తల్లులైనవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం, తెలంగాణలో 5.8 శాతం. ఆ బిడ్డల తండ్రులు చాలామంది పెద్దవాళ్లే కావచ్చు, కానీ అందరూ కాదు. వాళ్లలో ఒక్కడు హోంలో ఉన్నా వాడి బిడ్డకు దారి ఉండాలి.

ఊళ్లో నన్ను అడిగారు, పసిపిల్లను అలాంటి చోటికి తీసుకెళ్లడం ఎందుకు, పెద్దయ్యాక వాడే వచ్చి చూసుకుంటాడులే అని. నిజానికి నాకూ బయలుదేరేముందు అదే గుంజాటన. కానీ ఇక్కడ మనం ఒక పొరపాటు చేస్తున్నాం. చూసే హక్కు లోపల ఉన్నవాడికి ఇచ్చే సౌకర్యం అనుకుంటున్నాం. 1992లో మన దేశం చేరిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక తొమ్మిదో అధికరణ అలా అనదు. తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ విడిపోయిన బిడ్డకు, తన మేలుకు విరుద్ధం కానంతవరకు, వాళ్లను క్రమం తప్పకుండా నేరుగా కలిసే హక్కు ఉందని చెబుతుంది. హక్కు బిడ్డది. తండ్రి తప్పు చేశాడా లేదా అన్నది దానికి అడ్డం కాదు. నిర్బంధంలో ఉన్న బాలల గురించి 1990లో ఐక్యరాజ్యసమితి చేసిన నియమాల్లోనూ సందర్శన సూత్రప్రాయంగా వారానికి ఒకసారి, ఎంత తగ్గినా నెలకు ఒకసారి ఉండాలని ఉంది. ఏకాంతం, దగ్గరితనం కుదిరేలా ఉండాలని కూడా ఉంది. ఇనుప జాలీ అవతల దగ్గరితనం ఏముంటుంది?

జైల్లో ఉన్న తల్లుల విషయంలో మనకు కొంత నయం. 2006 ఏప్రిల్ 13న ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అందులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ఆరేళ్లు వచ్చేదాకా పిల్లలు జైల్లో తల్లి దగ్గర ఉండవచ్చు, ఆ తరువాత ప్రభుత్వ హోంలో ఉంచితే వారానికి ఒకసారైనా తల్లిని కలవనివ్వాలి అన్నారు. మహారాష్ట్ర జైళ్లలో ‘గళాభేట్’ అని ఒక ఏర్పాటు ఉంది, పిల్లలు జాలీ లేకుండా తల్లినో తండ్రినో హత్తుకుని కూర్చుంటారు. పెద్దల జైళ్లకు వీడియోలో మాట్లాడే ఈ-ములాఖత్ కూడా ఉంది. పెద్ద ఖైదీ బిడ్డకు ఉన్నపాటి వెసులుబాటు, చట్టం ‘ఖైదీ’ అని పిలవొద్దన్న కుర్రాడి బిడ్డకు లేకపోతే ఏమనుకోవాలి? జువెనైల్ జస్టిస్ చట్టం మూడో సెక్షన్‌లో 16 సూత్రాలున్నాయి. బిడ్డ సంరక్షణ మొదట కన్నవాళ్ల బాధ్యత అన్నది అందులో ఐదోది. ఆ చట్టమే బాలుడిగా చూసే ఒక కన్నతండ్రికి ఆ బాధ్యత తెలియాలంటే బిడ్డను ఒక్కసారైనా ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి కదా.

రెండు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖల వారిని నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. హోంలకు ఒక సర్క్యులర్ పంపండి. లోపలి అబ్బాయికో అమ్మాయికో బిడ్డ ఉంటే రిజిస్టరులో ‘కూతురు’, ‘కొడుకు’ అని రాసుకోమనండి. పెళ్లి కాగితం అడగకుండా జనన ధ్రువపత్రం గానీ, బోర్డు ఉత్తర్వు గానీ చూసి రానివ్వండి. కేసులో బాధితురాలిగా ఉన్న తల్లి ఇష్టం ఏమిటో మాత్రం ముందే ఆమెను విడిగా అడగాలి. ఆమె వద్దంటే అది వేరే సంగతి, ఆ విషయంలో నేను బలవంతం కోరను. ఆరేళ్లలోపు పిల్లలు వస్తే జాలీ గదిలో కాదు, ఒక చాప వేసిన గదిలో, ఉద్యోగి ఎదురుగానే, కనీసం గంట కూర్చోనివ్వండి. చాప లేకపోతే మా అంగన్‌వాడీ సెంటర్ నుంచి నేనే అడిగి పంపిస్తాను, మా దగ్గర పాతవి చాలా ఉన్నాయి. దూరాన ఉన్నవాళ్లకు వారానికి ఒక వీడియో కాల్ పెట్టండి. కుర్రాడి ఇంటి పరిస్థితులు విచారించి ప్రొబేషన్ ఆఫీసరు బోర్డుకు రాసే నివేదికలో ఆ కుర్రాడికి బిడ్డ ఉందన్న సంగతి ఒక వాక్యమైనా ఉండేలా చూడండి. ఈ అబ్బాయి నివేదికలో ఆ మాట లేదని లాయరు చెప్పాడు.

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం. ఈలోపు ఫోన్లో ఉన్న ఫొటో ఒకటి టౌన్లో స్టూడియోలో పెద్దది ప్రింటు వేయించి నానమ్మకు ఇచ్చాను. గోడకు పాపకు అందే ఎత్తులో అంటించింది. మొదటి రెండు రోజులు పాప దాన్ని వేలితో జరపాలని చూసిందట.

ఇట్లు,
ఒక విశ్రాంత అంగన్‌వాడీ కార్యకర్త