అది కన్సర్టో కాదు, సింఫనీ

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అమెరికన్ స్వరకర్త లెనార్డ్ బెర్న్‌స్టయిన్ రెండో సింఫనీ ‘ది ఏజ్ ఆఫ్ యాంగ్జైటీ’ని పియానో కన్సర్టో, అంటే ఆర్కెస్ట్రాకు ఎదురుగా పియానో ప్రధానంగా నిలిచే రచన, అని రాశారు. అలా అనుకుని వినేవాళ్లు ఆర్కెస్ట్రాతో పియానో పోటీ ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూసి విసిగిపోతారు. ఇందులో పియానో ఒక పాత్ర.

మూలం డబ్ల్యూ. హెచ్. ఆడెన్ 1947లో ప్రచురించిన దీర్ఘకావ్యం. యుద్ధకాలపు న్యూయార్క్‌లో, ఒక బార్‌లో కలిసిన నలుగురు అపరిచితుల రాత్రి అది. సింఫనీ 1949 ఏప్రిల్ 8న బోస్టన్‌లో కూసెవిట్స్కీ నిర్వహణలో తొలిసారి వినిపించింది. పియానో వాయించింది బెర్న్‌స్టయినే.

మొదట రెండు క్లారినెట్లే, అతి మెల్లగా. ఫోన్ స్పీకర్‌లో ఇది వినబడదు. వినబడటం లేదని శబ్దం పెంచితే తరవాత చెవులు అదురుతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం మేలు.

ఆ తరవాత వచ్చే 14 వేరియేషన్ల (మార్పుల తునకల) దగ్గరే చాలామంది దారి తప్పుతారు. ఒకే పల్లవిని తిప్పితిప్పి పాడినట్టు ఉంటుందనుకుని అసలు రాగం కోసం వెతుకుతారు. అలాంటి రాగమే లేదు. ముందు వేరియేషన్‌లోని ఒక అంశాన్ని అందుకుని తరవాతది మొదలవుతుంది. మన పద్యాల్లో ముక్తపదగ్రస్తం నడిచినట్టు. కాబట్టి మొదటిది గుర్తుంచుకోనక్కర్లేదు, అప్పుడే ముగిసినదాన్ని పట్టుకుంటే చాలు.

రెండో భాగంలో ‘డర్జ్’ అనే శోకగీతం 12 స్వరాల వరుస (సప్తకంలోని పన్నెండు స్వరాలూ తలా ఒకసారి వచ్చే క్రమం) మీద కట్టింది. వెంటనే వచ్చే ‘మాస్క్’ పూర్తిగా జాజ్: పియానోకు తోడు ప్రధానంగా పర్కషన్ (తాళవాద్యాలు), హార్ప్, చిరుగంటల్లా మోగే కీబోర్డు సెలెస్టా. ఈ రచనలో అత్యంత సాహసం ఇక్కడే ఉంది. ఆర్కెస్ట్రా ఒక్కసారిగా విరుచుకుపడి పియానోను ఆపేస్తుంది. ఆ జాజ్ మాత్రం ఆగదు. ఆర్కెస్ట్రా మధ్యలోని ఒక చిన్న పియానో దాన్నే నీరసంగా వాయిస్తూ ఉంటుంది. రికార్డింగులో ఇది వెనకబడితే అక్కడి అర్థమే పోతుంది.

కొనేముందు ఏ రూపమో చూసుకోండి. తొలి రూపంలో చివరి ఘట్టం ‘ఎపిలోగ్’ అంతా పియానో మౌనంగా ఉండి, చివర్లో ఒక్క కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుచ్ఛం) మాత్రమే వాయిస్తుంది. 1965లో సవరించినప్పుడు బెర్న్‌స్టయిన్ దానికి అక్కడ పాత్ర కల్పించి, ముగింపుకు ముందు కడెంజా (పియానో ఒక్కటే వాయించే ఘట్టం) కూడా చేర్చారు. లూకాస్ ఫాస్ పియానోతో 1950లో చేసిన రికార్డింగ్ తొలి రూపం. పియానిస్ట్ ఫిలిప్ ఆంత్రెమాంతో చేసినది సవరించినది. కొత్తవారు సవరించినదానితోనే మొదలుపెట్టాలి. పాతదాంట్లో అంతసేపు పియానో ఎందుకు పలకలేదో రెండూ విన్నాకే తెలుస్తుంది.

– ఒక పాఠకుడు, సికింద్రాబాద్